నాలుగో అంతస్తులో షవర్

2018

ఫిబ్రవరి 10, శనివారం

ఈరోజు అత్తయ్య తలంటుకి కిందికి వెళ్ళింది. కింద అంటే మొదటి అంతస్తు, మా మరిది సూర్య వాళ్ళ ఇంటికి. తోడికోడలు జ్యోతి తన బాత్రూంలో కొత్త షవర్ పెట్టించిందట. "ఓపాలి సూసొస్తానే లోవా" అని తువ్వాలు భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని లిఫ్టు ఎక్కింది. చూసి రావడానికి తువ్వాలెందుకో నాకు అర్థం కాలేదు.

నేను పొద్దున్నే లేచి కుంకుడుకాయలు కొట్టాను. గింజలు ఏరి, వేన్నీళ్ళలో నానబెట్టి, నురగ తేలేదాకా పిసికి వడకట్టాను. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి పెట్టాను. పుచ్చు లేని కాయలు మోండా మార్కెట్‌లో ఒక్క కొట్లోనే దొరుకుతాయి. మల్కాజ్‌గిరి నుంచి ఆ కాయల కోసమే బస్సెక్కి వెళ్తాను. ఇవన్నీ అత్తయ్యకి తెలుసు.

చాలాసేపటికి వచ్చింది. తల తడిగా ఉంది. జ్యోతి వాడే షాంపూ వాసన హాలంతా కొట్టింది. నూనె గిన్నె కేసి చూసి, "వొచ్చేవారం రాద్దువులే" అంది.

రసం పారబోయడానికి చేతులు రాలేదు. నిన్న శుక్రవారం పోసుకున్న తలకే మళ్ళీ నేనే పోసుకున్నాను. మధ్యాహ్నం నుంచి తుమ్ములు.

కోపం ఏమీ లేదు. ఊరికే రాశాను.

ఫిబ్రవరి 11

అత్తయ్య జుట్టు మెత్తగా ఉంది. జడ వేస్తుంటే చేతికి తెలిసింది. ఆమెకి చెప్పలేదు.

ఫిబ్రవరి 13

ఎప్పుడో ఇచ్చిన గిన్నె తెచ్చుకునే వంకతో కిందికి వెళ్ళాను. మంగళవారాలు జ్యోతికి ఇంట్లోనే ఆఫీసు. చెవులకి ఆ నల్ల డిప్పలు తగిలించుకుని ఇంగ్లీషులో ఎవరినో మందలిస్తోంది. నన్ను చూసి నవ్వి, వేలు పెట్టి బాత్రూం చూపించింది. నేనేమీ అడగలేదు. అయినా చూడమంది కాబట్టి చూశాను.

షవర్ అంటే గోడలోంచి వంగి ఉండే గొట్టం అనుకున్నాను. ఇది చేతిలోకి తీసుకునే రకం. పిడి గాజులా పారదర్శకంగా ఉంది. అందులో పచ్చవి, బూడిదరంగువి, ఎర్రవి చిన్న చిన్న గోళీలు. పైన ఇంకో లావుపాటి స్టీలు డబ్బా, అది ఫిల్టర్ అట. పళ్ళెం నిండా సూది బెజ్జాలు. కొళాయి తిప్పాను. అబ్బో, ఏం జోరు. నా చీర సగం తడిసింది.

జ్యోతి కాల్ ముగించుకుని వచ్చి పాఠం చెప్పింది. "మన బోర్ వాటర్ చాలా హార్డ్ అక్కా. ఈ బాల్స్ ఐరన్‌నీ, క్లోరిన్‌నీ పట్టేస్తాయి. హోల్స్ సన్నగా ఉంటాయి కదా, అందుకే ప్రెషర్. నాకు హెయిర్ ఫాల్ ఎంత తగ్గిందో. అత్తయ్యకి ఆ దురద కూడా తగ్గుతుంది చూడండి" అంది. అత్తయ్య వీపు మీద దురద సంగతి నాకు చెబుతోంది. ఆ వీపు రోజూ తోమేది ఎవరు?

షవర్ కింద తెల్ల ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంది. గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించి ఉంది. రెండూ అత్తయ్య కోసమేనట. మా ఇంట్లో కడ్డీ అవసరం ఎప్పుడూ రాలేదు. నా భుజం ఉంది కదా.

బాల్కనీలో అత్తయ్య లోపలి లంగా ఆరేసి ఉంది. మా ఇంటి బట్ట వాళ్ళ తాడు మీద. తీసుకుని వచ్చేశాను. గిన్నె మర్చిపోయాను.

ఫిబ్రవరి 17, శనివారం

మళ్ళీ వెళ్ళింది.

ఈసారి నూనె నా చేతే రాయించుకుంది. మాడు మీద నూనె పెట్టి అరచేత్తో తడుతుంటే కళ్ళు మూసుకుని ఉంది. ఇక మనసు మారిందనుకున్నాను. నూనె ఇంకగానే లేచి తువ్వాలు అడిగింది. నా నూనె, వాళ్ళ నీళ్ళు.

నేను బట్టలు ఆరేసే నెపంతో బాల్కనీలో నిలబడ్డాను. వాళ్ళ బాత్రూం కిటికీ సరిగ్గా మా బాల్కనీకి కింద. నవ్వులు వినిపించాయి. అత్తయ్య నవ్విందో, జ్యోతి నవ్విందో తేల్చుకోలేకపోయాను. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నన్ను కొట్టిన వాళ్ళెవరూ లేరు. ఏడవనూ లేదు.

పైకి వచ్చాక అడిగాను, జ్యోతి వీపు బాగా తోమిందా అని. అత్తయ్య పుక్కిలిస్తూ "ఊఁ" అంది.

ఆ "ఊఁ" ఒక్కటే చెవిలో తిరుగుతోంది. లాప్‌టాప్ మీటలు నొక్కే వేళ్ళు. పొడుగ్గా పెంచి, వారం వారం రంగు మార్చే గోళ్ళు. ఆ గోళ్ళతో అత్తయ్య వీపు.

ఫిబ్రవరి 20

ఈయనతో చెప్పాను. చెప్పడమంటే ఫిర్యాదు కాదు, ఊరికే మాటలో మాటగా. రైల్వే ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుతూ విన్నారు. "అమ్మ తనంతట తాను వెళ్తోంది కదా. నీకూ ఓ పని తగ్గింది. సంతోషించక ఏమిటది?" అన్నారు. మా తాతబ్బాయి గారికి ప్రపంచంలో ఏది తగ్గినా సంతోషమే.

పని తగ్గడమట.

ఫిబ్రవరి 24, శనివారం

షవర్ వచ్చింది. మా అమ్మాయి దుర్గ చేత ఫోన్‌లో తెప్పించాను. జ్యోతి దానికంటే పళ్ళెం పెద్దది. గోళీలు నాలుగు రంగులు. ఫిల్టర్ డబ్బా కూడా దానికంటే పొడవు. పరీక్షలకి చదువుకుంటున్న పిల్ల పుస్తకం పక్కన పెట్టి, "ఇప్పుడు మనకెందుకమ్మా ఇది?" అంది. నానమ్మ దురద కోసం అన్నాను. నిజమే కదా, దురద ఉంది.

ప్లంబర్ యాదగిరిని నిన్ననే పిలిచి పెట్టాను. పొద్దున్నే వచ్చి బిగించాడు. అత్తయ్యని బాత్రూం గుమ్మం దగ్గరే నిలబెట్టి, కొళాయి తిప్పమన్నాను.

పళ్ళెం అంచు నుంచి నాలుగు ధారలు కారాయి. మధ్యలో బెజ్జాలకి చెమట పట్టినట్టు చుక్కలు నిలిచాయి. అంతే. యాదగిరి విప్పి, ఊది, మళ్ళీ బిగించాడు. మళ్ళీ అంతే.

"టాంకి మీ నెత్తి మీదనే ఉన్నదక్కా. ఎత్తు లేదు, గందుకే జోరు రాదు. కింద ఫ్లోర్లకు మస్తుగొస్తది. నీకు గావాల్నంటే మోటర్ పెట్టాలె" అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను అనుకున్నది వేరు. ట్యాంకు మా కప్పు మీదే ఉంది కాబట్టి మొదటి నీళ్ళు మావే, జోరంతా మాదే, మిగిలింది కింది వాళ్ళకి అనుకునేదాన్ని. ఫ్లాట్లు కొన్నప్పుడు సూర్య మొదటి అంతస్తు తీసుకుంటే, ఈయన నాలుగోది చవక అని తీసుకున్నారు. అప్పుడు నేనే జ్యోతితో అన్నాను, మాకు గాలీ నీళ్ళూ రెండూ బాగుంటాయి, మీకే ఇబ్బంది అని. జ్యోతి ఏమీ అనలేదు. తెలిసే ఊరుకుంది కాబోలు. బీటెక్ చదివిన వాళ్ళకి ఇలాంటివి ముందే తెలుస్తాయి.

అత్తయ్య చెయ్యి చాపి ఆ ధార కింద పెట్టి, "పరవాలేదే, బానే ఉంది" అంది. జాలిగా అంది. తరవాత తువ్వాలు తీసుకుని లిఫ్టు దగ్గరికి వెళ్ళింది.

ఫిబ్రవరి 25

వాడకుండానే కొత్త షవర్ మీద తెల్ల మచ్చలు.

మార్చి 2

నిద్రలేవగానే అత్తయ్య, "ఇయ్యాల నీళ్ళు నానే పోసుకుంటానే" అంది. కుదరదన్నాను. కాలు జారితే ఎవరు సమాధానం చెబుతారు? చెంబుతో పోసి, వీపు తోమి, ఒళ్ళు తుడిచి, చీర కుచ్చిళ్ళు పెట్టాను. రోజూ లాగే. ఆమె రోజూ లాగే గోడ కేసి చూస్తూ కూర్చుంది.

ఈ పని నాకు ఎవరూ అప్పగించలేదు. మావయ్య గారు పోయాక, అత్తయ్య అనకాపల్లిలో గడప దాటుతూ పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేయించి మా దగ్గరికి తీసుకొచ్చాం. అప్పుడు పక్క మీంచి లేవలేని మనిషి. ఒళ్ళు తుడిచాను, బేసిన్లు ఎత్తాను. మొదటిసారి పీట మీద కూర్చోబెట్టి తలంటినప్పుడు ఏడ్చింది. ఎందుకేడ్చిందో అడగలేదు. సంతోషం అనుకున్నాను. సంతోషమే అయ్యుంటుంది.

ఆ తరవాత సూర్య పెళ్ళి వచ్చింది. కాకినాడ వాళ్ళు, బట్టల వ్యాపారం, కట్నాలూ కార్లూ ఉన్నవాళ్ళు. పెళ్ళికూతురు జ్యోతి గచ్చిబౌలిలో ఉద్యోగం. అందరూ ఆమె జీతం గురించి, సింగపూర్ ప్రయాణం గురించి చెప్పుకుంటుంటే, అత్తయ్య ఆ కాకినాడ వాళ్ళందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, "నాను మల్లీ నడిసేనంటే ఈ సేతులే" అంది. నా చేతుల గురించి ఎవరైనా మాట్లాడటం అదే మొదలు. టెన్త్ ఫెయిలైన దాన్ని. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు ఇంగ్లీషు రాదు, కారు రాదు. ఇంట్లో ఎవరికైనా ఏదైనా తెలియకపోతే జ్యోతిని అడుగుతారు. నా కూతురు కూడా.

ఈ తలంటు ఒక్కటి నాది. అదొక్కటీ కూడా ఆమెకే కావాలా? ఆమెకి అవసరం లేదు. అదే నాకు మంట. ఆమెకి అవసరం లేకుండానే దొరుకుతుంది.

రాసేశాను కాబట్టి చెబుతున్నాను. అసూయే. ఇక్కడ చదివేవాళ్ళు ఎవరున్నారు.

మార్చి 7

రాణిగంజ్ వెళ్ళాను. అక్కడ వీధి వీధంతా మోటార్లే. యాదగిరి తెలిసిన కొట్టుకి తీసుకెళ్ళాడు. చిన్నది, కొబ్బరికాయంత. నీళ్ళు కొళాయి తిప్పగానే దానంతట అదే మొదలవుతుందట. ఈయనకి చెప్పలేదు. ఎలాగూ ఎన్నడూ మేడ మీదకి ఎక్కరు.

మార్చి 9

బిగించేశాడు. ముందు కొంచెం వెనకాడాడు. "గిది అందరి పైపక్కా. మీ ఒక్కలదే కాదు. మీరు గుంజితే కింద ఆగుతది. సెక్రటరీ మేడంకు చెప్పినవా?" అన్నాడు. చెప్పానన్నాను. సెక్రటరీ అంటే రెండో అంతస్తు ఎమిలీ టీచర్. ఆవిడకి పని ఒకటా రెండా, ఇది కూడా ఎందుకని చెప్పలేదు.

స్విచ్ బాత్రూం బయట, గీజర్ స్విచ్ పక్కన పెట్టించాను. వేశాను. పైన ఎక్కడో తుమ్మెద రొదలాంటి చప్పుడు. ఆ తరవాత నీళ్ళు. ఎదురుగోడకి కొట్టాయి. దుర్గ పరిగెత్తుకొచ్చింది. జ్యోతి షవర్ దీని ముందు ఎందుకూ చాలదు. నిజంగా చాలదు, పక్షపాతంతో అనడం లేదు.

అత్తయ్య వచ్చి చూసింది. మొహం వెలిగింది. "ఓలమ్మ, ఇదేటే" అంది. అయితే రేపటి తలంటు ఇక్కడేనా అన్నాను. "రేపు ఆ గుంట రమ్మంది. మాటిచ్చేనే" అంది. వాళ్ళ వైపు గుంట అంటే పిల్ల, జ్యోతి అన్నమాట.

మార్చి 10, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్తయ్య తలకి నూనె పెట్టించుకుని కిందికి వెళ్ళింది. నేను నీళ్ళు పట్టుకోవడం మొదలుపెట్టాను. ఎండలు ముదురుతున్నాయి, బోరు ఎప్పుడు ఎండుతుందో తెలీదు. ముందు జాగ్రత్త ఉండాలి. డ్రమ్ము నింపాను. బకెట్లు నింపాను. బిందెలు నింపాను. ఇంకా నీళ్ళు వస్తూనే ఉన్నాయి కాబట్టి కుక్కరు, ఇడ్లీ గిన్నె కూడా నింపాను. మోటారు వేసే ఉంది. నీళ్ళు పట్టుకోవడం నేరం కాదు.

కాసేపటికి లిఫ్టు తలుపు చప్పుడైంది. చూస్తే అత్తయ్య. తలంతా నురగ, ఒంటికి జ్యోతి నైటీ, దాని మీద తువ్వాలు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. జ్యోతి రెక్క పట్టుకుని నడిపిస్తోంది. అదే లిఫ్టులో ఎమిలీ టీచర్, చేతిలో కూరగాయల సంచితో. పరాయివాళ్ళ ముందు నెత్తి మీద కొంగు తీయని మనిషి అత్తయ్య. నేల చూపులతో, గోడ పట్టుకుని గబగబా లోపలికి వచ్చేసింది.

నీళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయాయట. జ్యోతి మొహం తెల్లబోయింది. నేను, అయ్యో అన్నాను. మోటారు ఆపాను. బకెట్ల నిండా నీళ్ళున్నాయి కదా. పీట వేసి కూర్చోబెట్టి, గోరువెచ్చగా కలిపి, చెంబుతో మెల్లగా పోశాను. నురగ పోయేదాకా, ఆ షాంపూ వాసన పోయేదాకా పోశాను. వీపు తోమాను. ఎన్నాళ్ళకో తలంటు మళ్ళీ నా చేతిలోకి వచ్చింది.

రాయకూడదు గానీ, కడుపు నిండినట్టయింది.

మార్చి 11

జ్యోతి పైకి వచ్చింది. కుర్చీ చివర కూర్చుని, తప్పు చేసిన పిల్లలా చున్నీ నలుపుతూ మాట్లాడింది.

"సారీ అక్కా. నేను హాల్లో కాల్‌లో ఉన్నాను. అత్తయ్య లోపల గడియ పెట్టుకుంటారు కదా, నీళ్ళు ఆగిన సంగతి నాకు తెలీలేదు. చాలాసేపు పిలిచారట" అంది.

గడియ ఏమిటన్నాను. నువ్వు లోపల ఉండవా అన్నాను.

"నేనెందుకక్కా? అస్సలు రానివ్వరు. స్టూలు వేసి, వేడి సరిచూసి ఇచ్చేస్తే చాలంటారు. కడ్డీ కూడా ఆవిడే అడిగారు."

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడం లేదు. వీపు తోమిందా అంటే అత్తయ్య "ఊఁ" అంది. నేను చెవులారా విన్నాను. నీళ్ళు ఆగిన తప్పు తన మీదకి రాకుండా ఈ పిల్ల కథ అల్లుతోంది. ఒకవేళ నిజమే అయితే ఇంకా ఘోరం. తుంటి విరిగిన మనిషిని ఒక్కర్తినీ వదిలేసి ఫోన్ మాట్లాడుకోవడమా? నేనైతే ఒక్క క్షణం వదలను. ఇన్నేళ్ళలో ఒక్కసారి వదల్లేదు.

ఈ సంగతి ఈయనకి చెప్పాను. అత్తయ్యని మాత్రం అడగలేదు. పెద్దావిడని అవన్నీ అడగడం బాగోదు.

మార్చి 13

ఎమిలీ టీచర్ తలుపు తట్టింది. శనివారం మొదటి అంతస్తులోనే కాదు, ఆవిడ ఇంట్లోనూ ఆగిపోయాయట.

"ఎవరో పైప్‌కు మోటర్ పెట్టిన్రని డౌట్ ఉందమ్మా లోవలక్ష్మీ. పండుగైనంక టెర్రస్ మీద అన్ని పైపులు చెక్ చేపిస్తా. నీకేమన్న తెలుసా?"

తెలీదన్నాను. పాపం లోపలికి వచ్చి కూర్చోమంటే కూర్చోలేదు. వెళ్తూ వెళ్తూ అత్తయ్య ఎలా ఉందని అడిగింది. ఆ రోజు లిఫ్టులో చూసి మనసు పాడైందంది.

పండగ అయ్యాక అంది. అంటే ఉగాదికి మోటారు ఉంటుంది. ఆ తరవాత యాదగిరిని పిలిచి తీయించేస్తాను. ఒక్క ఉగాది తలంటు నా ఇంట్లో, నా చేతి మీద జరిగితే చాలు. అందరూ చూస్తారు. సూర్య, జ్యోతి పచ్చడికి పైకే వస్తారు.

మార్చి 15

అత్తయ్యే అంది. నేను అడగలేదు, ఉగాది మాట ఎత్తానంతే.

"పండగ తలంటు ఇక్కడే పోసుకుంటానే. కింద ఆ గుంట బయపడిపోనాది. నీ ఇంట్లోనూ దార వొస్తంది కదా ఇప్పుడు."

ఇక్కడే అంది. నా ఇంట్లో అంది.

కింద ఉన్న స్టూలు తెప్పించమంది. వాళ్ళది మనకెందుకని మల్కాజ్‌గిరి చౌరస్తాలో కొత్తది కొన్నాను. నీలం రంగు. కడ్డీ కూడా కావాలంటే నేనున్నానుగా అన్నాను.

మార్చి 17

కుంకుడుకాయలు నానబెట్టాను. రెండు గుప్పెళ్ళు ఎక్కువే వేశాను. అభ్యంగనానికి నువ్వులనూనె వాసన చూసి మరీ కొన్నాను. ఈ వారం ఒక్క రోజు కూడా తుమ్ము రాలేదు.

మార్చి 18, ఉగాది

మధ్యాహ్నం. అందరూ భోజనాలై పడుకున్నారు. అత్తయ్య గది తలుపు దగ్గరికి వేసి ఉంది. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

పొద్దున నూనె పెట్టడం హాల్లోనే. తూర్పు ముఖంగా పీట వేసి, కుంకుమ బొట్టు పెట్టి, మాడు మీద నూనె అద్ది, ముమ్మారు తట్టి దీవెన నేనే తీసుకున్నాను. దుర్గ ఫోటో తీసింది. టీవీలో పంచాంగ శ్రవణం మొదలైంది. ఈయన సౌండ్ పెంచి, మా రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో వినడానికి కుర్చీ ముందుకి జరుపుకున్నారు. అన్నీ అనుకున్నట్టే నడిచాయి.

అత్తయ్యని బాత్రూంలోకి తీసుకెళ్ళి నీలం స్టూలు మీద కూర్చోబెట్టాను. కుంకుడు రసం గిన్నె పక్కన పెట్టాను. బయటికొచ్చి మోటారు వేసి, షవర్ తిప్పి ఆమె చేతికిచ్చాను. నీళ్ళు భుజం మీద పడగానే చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. నేను చీర పైకి దోపుకుని, గిన్నె తీసుకుని వెనక నిలబడ్డాను.

"ఇంక నువ్వెల్లే" అంది.

రసం రుద్దొద్దా అన్నాను.

"నాను రుద్దుకుంటాను."

వీపో, అన్నాను.

అత్తయ్య షవర్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది. కోపంగా లేదు. ఎప్పటి నుంచో నోటి దాకా వచ్చి ఆగిన మాటని మెల్లగా బయట పెట్టినట్టు చెప్పింది.

"నీ సేతుల్లో తప్పు లేదే అమ్మీ. రోజూ ఒకరి ముందర బట్టలిప్పుకుని కూకోడం ఎలగుంటాదో నీకు తెలీదు. ఇది ఉంటే నానొక్కర్తినే పోసుకోగలను. తలుపేసుకుంటాను, ఎల్లు."

గిన్నె ఆమె దగ్గర పెట్టి బయటికొచ్చాను. వెనకే గడియ పడింది.

ఆ గడియ చప్పుడు దగ్గరే నిలబడిపోయాను. జ్యోతి చెప్పింది నిజమే. జ్యోతి చేతులు ఆ వీపు మీద ఎప్పుడూ పడలేదు. అది తెలిశాక మంట చల్లారాలి కదా. చల్లారలేదు. జ్యోతి అయితే బాగుండేది. జ్యోతితో అయితే పోట్లాడగలిగేదాన్ని.

అప్పుడు అత్తయ్య పాట ఎత్తుకుంది. ఊడ్పుల పాట, వాళ్ళ ఊరిది. గొంతు సన్నగా, ఒక్కో చోట అరుస్తున్నట్టుగా, నీళ్ళ చప్పుడు మీంచి వినిపించింది. అత్తయ్యకి పాటలు వచ్చని నాకు తెలీదు. ఇన్నేళ్ళలో నా చేతి కింద ఒక్కసారి కూని రాగం కూడా తీయలేదు.

నా వేలు స్విచ్ మీద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలీదు. తెలీకేం, తెలుసు. నొక్కాను.

పైన రొద ఆగింది. నీళ్ళు చుక్కలు చుక్కలై ఆగినంత పనైంది. పాట ఇంకో ముక్క నడిచి ఆగింది.

"లోవా. నీల్లాగిపోనాయే."

"కరెంట్ పోయిందత్తయ్యా. తలుపు తీయండి, బకెట్‌తో పోస్తాను" అన్నాను.

అంటూనే విన్నాను. హాల్లో సిద్ధాంతి గారి గొంతు నడుస్తూనే ఉంది. మిథున రాశి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తరవాత గడియ తీసిన శబ్దం. తల నిండా రసం, కళ్ళు మూసుకుని గోడ పట్టుకుని నిలబడింది. కుంకుడు రసం కళ్ళలో పడితే ఎలా మండుతుందో నాకు తెలుసు. గబగబా స్టూలు మీద కూర్చోబెట్టి మొదటి చెంబు మొహం మీద పోశాను. రెండు చేతులతో కళ్ళు తుడుచుకుని తెరిచింది. తల పైకెత్తింది.

నెత్తి మీద బల్బు వెలుగుతోంది.

బల్బు కేసి చూసింది. తరవాత నా కేసి చూసింది. ఏదైనా అంటుందని నిలబడ్డాను. అంటే బాగుండును. ఒక్క తిట్టు తిట్టినా బాగుండును. తువ్వాలు గుండెల మీదకి లాక్కుని, గోడ వైపు తిరిగి, రోజూ లాగే వీపు నాకు ఇచ్చి తల వంచింది.

"సర్లే. పొయ్యవే" అంది.

పోశాను. బకెట్ అయ్యేదాకా పోశాను. అత్తయ్య మళ్ళీ పాడలేదు.